ఎరువు బలము – నేల బలము

గౌరిబిదనూరు తాలూకాలోని నాగరగెరె మొదలుకొని బాగేపల్లి, చింతామణి వఱకు గల మన సీమ మెట్టసేద్యపు సీమ. నందికొండల ప్రాంతమున పుట్టిన ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని నదులు మన పొలముల ప్రక్కగా సాగి ఆంధ్రదేశమునకు పోవుచున్నవి గాని, అవి ఏడాది పొడవున పారునవి కావు. మనకు దిక్కు వాన, చెరువు, గొట్టపుబావి. కావున కురిసిన నీటిని పట్టియుంచు శక్తియు, వేసిన సారమును దాచుకొను శక్తియు మన నేలకు ఎంత యుండునో, మన పంటయు అంతయే యుండును.

రైతులు కూడినచోట తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఒక మూట యూరియా ఎన్ని బండ్ల దిబ్బ ఎరువునకు సమానము?" ప్రశ్న చిన్నదియే. కాని దీనికి సరియైన సమాధానము చెప్పవలెనన్న రెండు లెక్కలు వేయవలసియున్నది. ఒకటి మొక్క ఆహారపు లెక్క; రెండవది నేల లెక్క. మొదటి లెక్కతోనే ఆగినవారు దిబ్బ ఎరువును చులకన చేయుదురు. రెండవ లెక్కను మాత్రమే చెప్పువారు దిబ్బ ఎరువొక్కటే చాలునందురు. రెండింటిని కలిపి చూచుట యెట్లో ఈ పాఠమున తెలిసికొందము.

మొక్క ఆహారము

మొక్క తన శరీరములో అధికభాగమును గాలి నుండియు నీటి నుండియు నిర్మించుకొనును. బొగ్గుపులుసు గాలి నుండి కార్బనము, నీటి నుండి హైడ్రోజను, ఈ రెండింటి నుండి ఆక్సిజను దానికి లభించును. మిగిలిన మూలకములను వేళ్ళద్వారా నేల నుండి గ్రహింపవలెను. వానిలో మూడు ఎక్కువ పరిమాణమున కావలసినవి. నత్రజని ఆకును పచ్చగా పెంచును. భాస్వరము వేరునకును, పూతకును, గింజకును తోడ్పడును. పొటాష్ కాండమునకు గట్టిదనమును, ఎండకును తెగులునకును ఓర్చుకొను శక్తిని ఇచ్చును. సున్నము, మెగ్నీషియము, గంధకము వీని తరువాతివి. జింకు, ఇనుము, బోరాను మొదలగునవి అతిస్వల్పముగా కావలెను. కాని లేకున్న పంట సాగదు.

1840లో జర్మనీ దేశపు రసాయన శాస్త్రవేత్త లీబిగ్ తన గ్రంథమున, మొక్కకు కావలసినవి ఈ ఖనిజములేయని వాదించెను. మూలకములలో ఏది అన్నిటికంటె తక్కువగా నుండునో అదియే పంటకు హద్దగునను సూత్రము ఆయన పేరనే ప్రసిద్ధి చెందినది. ఒక పలక పొట్టిదైన తొట్టిలో నీరు ఆ పలక ఎత్తువఱకే నిలుచును గదా! పంటయు అట్టిదే.

ఏ ఎరువున ఎంత?

మనకు తెలిసిన ఎరువులలో నూటికి ఎంత సారము కలదో క్రింద ఇచ్చుచున్నాము. ఇవి సగటు లెక్కలు. పశువు మేతను బట్టియు, ఎరువులోని తేమను బట్టియు, దానిని కాపాడిన తీరును బట్టియు మాఱుచుండును. భాస్వరమును, పొటాష్‌ను వాని ఆక్సైడుల రూపమున లెక్కించుట వాడుక.

చివికిన పశువుల ఎరువు: నత్రజని 0.5, భాస్వరము 0.2, పొటాష్ 0.5
గొఱ్ఱె, మేక ఎరువు (ఎండినది): నత్రజని 3, భాస్వరము 1, పొటాష్ 2
కోళ్ళ ఎరువు: నత్రజని 3, భాస్వరము 2.6, పొటాష్ 1.4
కానుగ పిండి: నత్రజని 4, భాస్వరము 1, పొటాష్ 1.3
ఆముదపు పిండి: నత్రజని 4.3, భాస్వరము 1.8, పొటాష్ 1.3
వేప పిండి: నత్రజని 5.2, భాస్వరము 1, పొటాష్ 1.4
వేరుసెనగ పిండి: నత్రజని 7.3, భాస్వరము 1.5, పొటాష్ 1.3
కానుగ ఆకు (ఆరినది): నత్రజని 3.3, భాస్వరము 0.4, పొటాష్ 2.4
గ్లిరిసిడియా ఆకు (ఆరినది): నత్రజని 2.8, భాస్వరము 0.3, పొటాష్ 4.6

ఈ పట్టికను చదువునపుడు రెండు విషయములు గమనింపవలెను. మొదటిది తేమ. దిబ్బ ఎరువు బరువులో ఇంచుమించు సగము నీరే కావచ్చును. ఎండిన ఆకునకును దానికిని అంకెలలో ఇంత భేదము కనబడుటకు అది యొక కారణము. రెండవది పొదుపు. వేరుసెనగ పిండి అన్నిటికంటె సారవంతమని దానిని నేరుగా పొలమున చల్లుట తెలివి కాదు. దానిని ముందు ఆవునకు పెట్టి, పాలు తీసికొని, పేడను పొలమునకు చేర్చుట మేలు. కానుగ, ఆముదపు పిండులు పశువులకు పనికిరావు; కావున అవి నేరుగా నేలకే చేరవలసినవి.

మొదటి లెక్క

వానపై పండు రాగిపైరునకు మన ప్రాంతమున ఎకరమునకు 20 కిలోల నత్రజని వేయవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞుల సిఫారసు. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని కలదు. 20 కిలోలు కావలెనన్న సుమారు 43½ కిలోల యూరియా చాలును. అనగా 45 కిలోల మూట ఒకటి కూడ పూర్తిగా పట్టదు.

ఇప్పుడు దిబ్బ ఎరువును చూతము. ఎకరమునకు 3 టన్నులు తోలినామనుకొందము. నూటికి అరపాలు చొప్పున అందులోని నత్రజని 15 కిలోలు. ఇది యంతయు ఆ యేడే పైరునకు అందదు. సూక్ష్మజీవులు ఎరువును కుళ్ళించిన కొలది మెల్లమెల్లగా విడుదలయగును. మొదటి పంటకు నత్రజనిలో నూటికి 30 పాళ్ళు, భాస్వరములో 60 మొదలు 70 పాళ్ళు, పొటాష్‌లో 75 పాళ్ళు అందునని అంచనా. కాబట్టి 15 కిలోల నత్రజనిలో మొదటి యేడు దక్కునది నాలుగున్నర కిలోలే. యూరియా లెక్కలో ఇది పదికిలోల మాట!

ఈ లెక్క చూచి, 3 టన్నుల ఎరువును బండ్లకెత్తి తోలు శ్రమకంటె పది కిలోల యూరియా చల్లుట సులభము గదాయని తోచును. లెక్క తప్పు కాదు. కాని సగము లెక్క. యూరియా పైరునకు ఆహారము పెట్టును. ఆ ఆహారమును, నీటిని, గాలిని పైరునకు అందించు నేలను పోషించునది యేది? ఆ ప్రశ్నకు రెండవ లెక్క కావలెను.

రెండవ లెక్క

మన ఎఱ్ఱనేలలు తేలిక మన్నుగా నుండును. వానిలో ఇసుక ఎక్కువ; ఉన్న బంకమన్నుకు కూడ పోషకములను పట్టియుంచు శక్తి తక్కువ. గట్టివాన కురిసి ఎండ కాసినచో పైన పెచ్చు కట్టును. మొలక ఆ పెచ్చును చీల్చుకొని రాలేదు. తరువాతి వాన నీరు లోనికి ఇంకక పైపైన పారి, మంచి మన్నును వెంటగొనిపోవును.

ఎరువు చివికి చివికి చివరకు మిగులు నల్లని పదార్థమును హ్యూమస్ అందురు. అది మట్టిరేణువులను చిన్నచిన్న ఉండలుగా కూర్చును. ఉండల నడుమ ఖాళీలలో గాలియు, నీరును నిలుచును. పోషకములను పట్టియుంచుటలో అది మన ఎఱ్ఱబంకకంటె అనేక రెట్లు మిన్న. వేసిన రసాయనిక ఎరువు వాననీటితో లోతునకు కొట్టుకొనిపోకుండ అది ఆపును. వానపాములకును, కంటికి కనబడని కోట్లకొలది జీవులకును అదియే ఆహారము. పశువు తిన్న మేతలోని జింకు, ఇనుము, బోరాను కొలదిగా దానితో నేలకు తిరిగివచ్చును. యూరియా మూటలో నత్రజని తప్ప ఇవి యుండవు. ఏండ్ల తరబడి నత్రజని ఎరువులనే వేయుట వలన నేలకు కలుగు పులుపును కూడ అది కొంత అడ్డగించును.

ఇదంతయు నమ్మకము మాత్రమేనా? పరీక్షలు కలవు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు గాంధీ కృషి విజ్ఞాన కేంద్రపు ఎఱ్ఱనేలలో 1978 నుండి వానపై రాగిని పండించుచు ఒక దీర్ఘకాలపు పరీక్ష నడపిరి. కొన్ని మళ్ళకు ఏమియు వేయలేదు. కొన్నింటికి రసాయనిక ఎరువులు మాత్రము. కొన్నింటికి హెక్టారునకు 10 టన్నుల పశువుల ఎరువు మాత్రము. కొన్నింటికి రెండును కలిపి వేసిరి. ఏమియు వేయని మళ్ళు క్షీణించినవి. రసాయనిక ఎరువు మాత్రమే వేసిన మళ్ళలో మొదటి యేండ్ల దిగుబడి తరువాత నిలువలేదు. రెండును కలిపి వేసిన మళ్ళు అన్నిటికంటె ఎక్కువగాను, నిలుకడగాను పండినవి. మన నేల వంటి నేలలో, మన పంట మీదనే జరిగిన పరీక్ష ఇది.

ఎరువు ప్రభావము ఎంతకాలము నిలుచునో తెలుపు పరీక్ష ఇంగ్లండు దేశములోని రోథామ్‌స్టెడ్‌లో కలదు. అచ్చట హూస్‌ఫీల్డ్ అను పొలములోని యొక మడికి 1852 నుండి 1871 వఱకు ఏటేట పశువుల ఎరువు వేసి, తరువాత మానివేసిరి. నూఱేండ్లు గడచిన పిమ్మట కూడ ఆ మడి, ఎన్నడును ఎరువెఱుగని ప్రక్క మడికంటె మెఱుగుగా నుండెను. అది చలిదేశము. మన వేడికి హ్యూమస్ త్వరగా కరగిపోవును గనుక మనము ఒకసారి వేసి ఊరకుండ వీలులేదు.

ఎంత ఓర్పు కావలెనో అంకెలలో చూతము. ఎకరము నేలలో పై ఆఱంగుళముల మన్ను ఇంచుమించు 9 లక్షల కిలోలు తూగును. అందులో జీవపదార్థమును నూటికి పదవవంతు పాలు, అనగా 0.1, పెంచవలెనన్న 900 కిలోల హ్యూమస్ నిలువవలెను. మనము తోలు 3 టన్నుల ఎరువులో సగము నీరు. మిగిలిన దానిలో కొంత మన్ను. ఇంక మిగిలిన దానిలో అధికభాగమును సూక్ష్మజీవులు తినివేయగా, అది బొగ్గుపులుసు గాలియై పోవును. నిలుచునది కొద్దియే. కావున ఎరువు తోలుట ఒక యేటి పని కాదు. తరములు చేయవలసిన పని. తాత తోలిన ఎరువును మనుమడు పండించుకొనుననుట అక్షరాల నిజము.

సారము పోవు చోటు

ఇంత విలువైన ఎరువు మన యూళ్ళలో ఎట్లున్నదో చూచిన విచారము కలుగును. ఇంటి వెనుక దిబ్బ, మన వాడుకలో తిప్ప, ఎండకు ఎండి, వానకు తడిసి, గాలికి ఎగిరి పొలమునకు చేరులోపల దాని సారము చాల వఱకు పోవుచున్నది. పశువు విసర్జించు నత్రజనిలో ఇంచుమించు సగమును, పొటాష్‌లో అధికభాగమును మూత్రమునందుండును. మనము పేడను ఎత్తుదుము. మూత్రమును కొట్టపు నేలకు వదలివేయుదుము. ఎండుచున్న దిబ్బ నుండి ముక్కునకు తగులు ఘాటు అమ్మోనియా వాయువుది. ఆ ఘాటు వచ్చుచున్నదనగా నత్రజని పోవుచున్నదని అర్థము.

ఇక పిడకల మాట. 1889లో మన దేశమునకు వచ్చిన వోల్కర్ అను ఇంగ్లీషు వ్యవసాయ రసాయనజ్ఞుడు 1893లో వెలువడిన తన నివేదికలో, పేడ పొయ్యిపాలగుట హిందూదేశపు సేద్యమునకు గొప్ప నష్టమని వ్రాసెను. కాని వంటచెఱకు లేని పేదయింటి యిల్లాలిని తప్పుపట్టుట న్యాయము కాదు. పొయ్యికిని పొలమునకును రెండింటికి పేడను ఉపయోగించు మార్గము గోబరు గ్యాసు. మన బాగేపల్లి ఈ విషయమున పేరు గాంచినది. బాగేపల్లి కూలీ సంఘమువారు రెండు ఘనమీటర్ల గ్యాసు తొట్లను 5,500 కుటుంబములకు కట్టించు పథకమును ఐక్యరాజ్య సమితి వారి స్వచ్ఛాభివృద్ధి విధానము క్రింద 2005లో నమోదు చేయించిరి. పేడలోని కార్బనము కొంత వాయువై పొయ్యిలో మండును. నత్రజని, భాస్వరము, పొటాష్ మడ్డిలో మిగులును. అయితే ఈ మడ్డిని ఎండబెట్టరాదు. ఎండబెట్టిన అమ్మోనియా పోవును. గుంటలోని కసవుపై పోసి కలుపవలెను, లేదా కాలువ నీటితో నేరుగా పొలమునకు పంపవలెను.

గుంట పెట్టు విధము

దిబ్బను మాని గుంట పెట్టుటకు ధనము అక్కఱలేదు. పార, గంప చాలును. మన సీమకు చేరువనే, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1939లో సి. ఎన్. ఆచార్య అను శాస్త్రజ్ఞుడు పట్టణపు చెత్తను కంపోస్టు చేయు పద్ధతిని రూపొందించెను. అదియే బెంగళూరు పద్ధతి. తిరుగవేయు పని లేదు. నీరు మాటిమాటికి చల్లనక్కఱలేదు. నీటి కొఱత గల మనకు ఆ పద్ధతి సూత్రము మిక్కిలి అనుకూలము.

నీడ గల చోట, వాననీరు చేరని మెరకలో, సుమారు 20 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గల గుంటను త్రవ్వవలెను. కొట్టములో పశువు క్రింద రాగి చెత్త, వేరుసెనగ పొట్టు, ఎండుటాకులు పఱచిన మూత్రము వానిలో ఇంకును. ప్రతి ఉదయము ఆ తడిసిన చెత్తను పేడతో కూడ గుంటలో ఒక కొననుండి పొరలుగా నింపవలెను. గుంట నిండి నేలపైకి ఒకటిన్నర అడుగు లేచిన పిమ్మట పైన పేడయు మట్టియు కలిపి మందముగా పూయవలెను. ఆఱు మొదలు ఎనిమిది నెలలకు ఎరువు సిద్ధమగును. చేతబట్టినచో నల్లగా, పొడిపొడిగా, మట్టివాసనతో నుండవలెను. గడ్డిపోచ గుర్తింపదగినట్లుండిన ఇంకను చివుకలేదన్నమాట. పచ్చి ఎరువును వేసిన చెదలు చేరును. అంతేగాక, దానిని కుళ్ళించు జీవులు నేలలోని నత్రజనినే లాగుకొనుటచే పైరు పసుపువన్నెకు తిరుగును.

పొలమునకు తోలిన ఎరువును వారముల తరబడి చిన్నచిన్న కుప్పలుగా ఎండలో నుంచుట మన యూళ్ళ అలవాటు. తోలిన నాడే చిమ్మి, ఆ నాడే దున్నిన సారము నిలుచును.

పశువులు తగ్గిన యిండ్లలో

ట్రాక్టరు వచ్చినది, ఎడ్లు తగ్గినవి. దిబ్బ చిన్నదైనది. అట్టి రైతు ఏమి చేయవలెను? మార్గములు మన కండ్ల యెదుటనే కలవు. కన్నడమున హొంగె యనబడు కానుగ మన గట్లపై సహజముగా పెరుగు చెట్టు. గ్లిరిసిడియా కొమ్మను గట్టున నాటిన ఏటేట ఆకు కోసికొనవచ్చును. జనుము, అలసంద, ఉలవ వంటి పైరుల వేళ్ళ బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చును. జనుమును పూత సమయమున దున్నివేసిన పచ్చిరొట్ట ఎరువగును. వేసవిలో గొఱ్ఱెల మందను పొలమున కట్టించుట పూర్వులెఱిగిన మంచి పద్ధతి. పేడయు, మూత్రమును రెండును పొలముననే పడును.

శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతముల పట్టుపురుగుల పెంపకపు ఇండ్లలో మిగులు పెంటయు, తినగా మిగిలిన మల్బరీ ఆకులును, పుల్లలును గుంటకు చేరవలసినవి. నీటివసతి గల మల్బరీ తోటకు ఏడాదికి ఎకరమునకు 8 టన్నుల పశువుల ఎరువు వేయవలెనని సిఫారసు. ఆకు కోసికొనుచు ఏమియు తిరిగి ఇయ్యని తోట పట్టునకు చాలినంత ఆకును ఎన్నాళ్ళు ఇయ్యగలదు? కోళ్ళ ఎరువు బలమైనదే. కాని పచ్చిగా వేసిన వేడికి మొలక మాడును గనుక మాగనిచ్చి వేయవలెను. పట్టణపు చెత్త ఎరువు కొనువారు ప్లాస్టిక్కు, గాజుముక్కలు లేకుండ చూచుకొనవలెను. చెరువు ఎండిన యేడు ఒండుమట్టి తోలుకొనుట ఎఱ్ఱనేలకు మేలు. అది నేలకు బంకను చేర్చి తేమను నిలుపును.

ముగింపు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. నత్రజని లెక్కలో 3 టన్నుల దిబ్బ ఎరువు మొదటి పంటకు పది కిలోల యూరియాకు సమానము. నేల లెక్కలో ఎన్ని మూటల యూరియా యైనను ఒక బండి దిబ్బ ఎరువునకు సమానము కాజాలదు. కావున ఎకరమునకు 3 టన్నులకు తగ్గక చివికిన ఎరువు వేసి, మట్టిపరీక్ష చేయించి, కొఱతపడిన సారమును మాత్రము రసాయనిక ఎరువుతో పూరించుట మన సీమకు తగిన మార్గము. ఈ విషయమున సలహా కావలసినవారికి చింతామణి చేరువ కురుబూరులో కృషి విజ్ఞాన కేంద్రము కలదు.

విద్యార్థులు చేయదగిన అభ్యాసము రెండు కలవు. ఒకటి, మీ యింటి దిబ్బ పొడవు, వెడల్పు, ఎత్తులను కొలిచి దాని ఘనపరిమాణము కట్టుడు. బండి యెత్తు ఎన్నిసార్లు తోలుదురో మీ పెద్దలనడిగి, పై పట్టికను బట్టి అందులోని నత్రజనిని లెక్కింపుడు. రెండు, ఎరువు తోలిన పొలములోని మట్టిగడ్డ నొకదానిని, తోలని పొలములోని దాని నొకదానిని బాగుగా ఆరనిచ్చి, రెండు గ్లాసుల నీటిలో మెల్లగా వదలి చూడుడు. ఏది విడిపోయి బురదయగునో, ఏది తన రూపమును నిలుపుకొనునో వ్రాసికొనుడు. ఆ ఫలితమును మీ తండ్రిగారికి, తాతగారికి చూపుడు. వచ్చు వానకాలమునకు ముందుగా మీ యింటి వెనుక గుంట యొకటి త్రవ్వబడినచో ఈ పాఠము ఫలించినట్లే.